మనిషి పక్కన లేని పని



రాత్రి రెండున్నర. ఆఫీసుకు తాళం పడి చాలాసేపైంది. లోపల సర్వర్ మాత్రం ఆ రోజు లెక్కలన్నిటికీ నకలు తీసి మరో డిస్కులో భద్రపరుస్తోంది. మీట నొక్కిన మనిషంటూ ఎవరూ లేరు. లినక్స్ యంత్రాల్లో ఇలాంటి పనులు చేయించే పాతకాపు క్రాన్ అనే చిన్న ప్రోగ్రాము.

వయసులో అది లినక్స్ కన్నా పెద్దది. 1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. 1987లో పాల్ విక్సీ దాన్ని కొత్తగా రాసి ఉచితంగా అందరి చేతికీ ఇచ్చారు. 1991లో లినక్స్ పుట్టాక, ఆ క్రానే చాలాచోట్ల స్థిరపడింది.

దానికి పని చెప్పాలంటే క్రాన్‌టాబ్‌లో ఒక వరుస రాయాలి. ముందు అయిదు గళ్లు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ తర్వాత కమాండ్. ‘30, 2, స్టార్, స్టార్, స్టార్’ అంటే రోజూ రాత్రి రెండున్నరకు అని. నిమిషానికోసారి క్రాన్ లేచి, వేళ అయిన పనిని మొదలుపెట్టి, మళ్లీ పడుకుంటుంది. తేదీ గడిలో 13, వారం గడిలో 5 రాస్తే, పదమూడో తేదీ శుక్రవారం అయినప్పుడే నడుస్తుందనుకుంటాం. కాదు. ప్రతి పదమూడో తేదీనా నడుస్తుంది, ప్రతి శుక్రవారమూ నడుస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందున్నాం. అక్కడ రెండున్నర అని రాస్తే, హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి బరువైన బ్యాకప్ మొదలవుతుంది. మన రాత్రి రెండున్నర కావాలంటే అక్కడ 21 గంటలు అని రాయాలి. సోమవారం తెల్లవారుజాము పనికి ఆదివారం అని వేయాలి.

ఇక అసలు సంగతి. పని పెట్టడం తేలికే, అది జరిగిందో లేదో తెలుసుకోవడమే కష్టం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే గిట్‌ల్యాబ్‌లో అసలు డేటాబేస్ పొరపాటున చెరిగిపోయింది. బ్యాకప్ కోసం వెతికితే, అది ఉండాల్సిన చోటు ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2. రెండూ పొసగక ఆ పని విఫలమవుతూ వచ్చింది. ఆ మాట మెయిళ్లలో వెళ్తూనే ఉంది. పంపినవారి ధ్రువీకరణ సరిగా లేదని అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. ఓ ఇంజనీరు వేరే అవసరానికి ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ వాళ్లను గట్టెక్కించింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. ఇదంతా దాచకుండా లోకానికి రాసి చెప్పినందుకు వాళ్లంటే నాకు గౌరవం.

క్రాన్‌లా తెర వెనక ఎప్పుడూ నడిచే సర్వీసులను డీమన్లు అంటారు. నేడు చాలా లినక్స్‌లలో వాటి పెత్తనం సిస్టమ్‌డీది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ దాన్ని మొదలుపెట్టారు. యంత్రం లేవగానే మొదటి ప్రాసెస్‌గా అదే నిలబడుతుంది. రాసిపెడితే, కూలిన సర్వీసును మళ్లీ లేపుతుంది. వేళకు పని చేయించే టైమర్లూ దానిలో ఉన్నాయి. ఆ వేళకు ల్యాప్‌టాప్ ఆపేసి ఉంటే క్రాన్ ఆ పని వదిలేస్తుంది. టైమర్‌లో ‘పర్సిస్టెంట్’ అని పెడితే, ఆన్ చేశాక ఆ పని పూర్తిచేస్తుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్’ అని కొడితే, ఏ పని చివరిసారి ఎప్పుడు నడిచిందో, మళ్లీ ఎప్పుడు నడుస్తుందో పక్కపక్కనే చూపిస్తుంది. బ్యాకప్ పెట్టుకున్న వాళ్లు ఆ జాబితాతో ఆగకుండా, నెలకోసారైనా ఆ నకలు తెరిచి, ఒక్క ఫైలు వెనక్కి తెచ్చి చూడండి.