పోలీసు పని – సంఘసేవ
(వసంత్ కుంజ్‌లో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫౌజులో జవాను ఇంటి దగ్గర చిక్కు వస్తే సీఓ గారు జిల్లా కలెక్టరుకీ, సైనిక సంక్షేమ కార్యాలయానికీ ఉత్తరం రాస్తారు. క్రమశిక్షణ, సంక్షేమం మనకి వేరు వేరు కావు. పోలీసు పనినీ అలాగే చూడాలని నా మనవి.

2013లో మన వసంత్ కుంజ్‌లోనే ఒక ఇంటి నుంచి, జార్ఖండ్ నుంచి పనికి వచ్చిన ఒక అమ్మాయిని గాయాలతో బయటికి తీసుకొచ్చారు. పోలీసులతో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లూ వెళ్లారు. తలుపు తెరిపించే అధికారం పోలీసులది. మరి ఆ తర్వాత? ఇలాంటి పిల్ల పక్కన ఆసుపత్రిలో కూర్చోవాలి, భయం పోగొట్టి మాట్లాడించాలి, రావలసిన జీతం ఇప్పించాలి, ఊరు చేర్చాలి. ఇవన్నీ ఠాణా సిబ్బంది ఒక్కరివల్ల అయ్యేవి కావు.

ఈ ఆలోచన కొత్తది కాదండీ. 1984లోనే ముంబయి పోలీసు కమిషనర్ కార్యాలయంలో టాటా సమాజ విజ్ఞాన సంస్థ మహిళల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. 1988లో ఢిల్లీ జహంగీర్‌పురిలో పోలీసులూ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ సోషల్ వర్కూ కలిసి ‘ప్రయాస్’ మొదలుపెట్టారు. 2016లో హైదరాబాదులో ‘భరోసా’ కేంద్రం వచ్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం అయితే జిల్లా ప్రత్యేక పోలీసు విభాగంలో ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలనీ, వారిలో ఒకరు మహిళ కావాలనీ చెప్పింది.

ఒక్క హెచ్చరిక. సంఘసేవ అంటే రాజీ కుదర్చడం కాదు. దెబ్బలు తిన్న మనిషికి కౌన్సెలింగ్ చేసి పంపేస్తే సరిపోదు, ఎఫ్ఐఆర్ కూడా పడాలి. దేని పని దానిదే.

ఇక మన సంగతి. పనిమనిషిని పెట్టుకోగానే పోలీసు వెరిఫికేషన్ ఫారం నింపుతాం. ఆమె ఎవరో కనుక్కుంటాం, మంచిదే. కానీ ఎదురింట్లో పనిచేసే పిల్ల ఎలా ఉందో ఎవరైనా కనుక్కుంటున్నామా? 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. అనుమానం వస్తే 1098కో, 112కో ఫోన్ చేయండి. ‘మనకెందుకులే’ అనుకోవద్దు. యూనిఫాం విప్పాం గానీ, బాధ్యత విప్పలేదు కదా!

సెలవు. జై హింద్.