విస్తరిలోని పులస



మిత్రులతో గూడి పూటకూటియింట చేపల భోజనము చేయుట రేడియోలో చెప్పదగినంత విషయమా యని మీలో కొందరనుకొనవచ్చును. విషయము చిన్నదే. కాని ఆ విస్తరిముందు కూర్చుండి నేను తెలిసికొన్న సంగతి చిన్నది కాదు. అందుచేత దానిని మీకు మనవి చేయుచున్నాను.

కడచిన శ్రావణమాసమున మేము నలుగురు బాల్యస్నేహితులము రాజమహేంద్రవరమున కలసికొంటిమి. మాలో నొకడు ఇరువది యేండ్లుగా పరదేశమున నున్నవాడు. వాని తండ్రి ఆ వేసవిలోనే కాలముచేసెను. ఏటేట గోదావరికి ఎర్రనీరు రాగానే పులసను కొనితెచ్చి, పులుసు వండించి, ఇంటిల్లిపాదికిని, మాబోటి పిల్లలకును తన చేతితో వడ్డించుట ఆయనకు పండుగ. “ఈ యేడు నాయనకు బదులు నేను మీకు పులస పెట్టెదను” అని మిత్రుడు పట్టుపట్టెను.

ధవళేశ్వరము పోవు త్రోవలో, గట్టు క్రింద, తాటాకుల పందిరి వేసిన చిన్న భోజనశాల యొకటి కలదు. నాలుగు బల్లలు, అరటియాకులు, పొయ్యిమీద మట్టిదాకలు. అంతకు మించిన యాడంబరము లేదు. అచటికి పోయితిమి.

ఆ చేప చరిత్రము మీరెరిగినదే. సముద్రమున నున్నంతకాలము అది విలస. వరదకాలమున గ్రుడ్లు పెట్టుటకై నదిలో ప్రవేశించి, ఏటికెదురీది వచ్చిన పిమ్మట అదే పులస. ఉప్పునీటి చేప మంచినీటికి వచ్చుటచేతనే దానికంత రుచి కలుగునని మనవారందురు. వంగదేశీయులు దీనినే ఇలిష్ అందురు. బంగ్లాదేశమునకు ఇది జాతీయ మత్స్యము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరి యొడ్డున అందరి నోటను ఉన్నదే. నేడొక పెద్దచేప వేలకొలది రూపాయలు పలుకుచుండుటచే ఆ సామెత నిజమగుచున్నది.

మా మిత్రుడు గ్రుడ్లతో నున్న పులసయే కావలెననియు, వెల యెంతయైనను ఇత్తుననియు చెప్పెను. ముసలి యజమాని చేతులు తుడుచుకొనుచు వచ్చి, “బాబూ, పొద్దున్నించి ఒక్కటీ పడలేదండి. మంచుపెట్టెలో ఉన్నది ఒరిస్సానుంచి వచ్చిన సముద్రపు చేపండి. పులసని చెప్పి పెడితే మీరు పోల్చుకోలేరు. కాని నాకు నోరు రాదండి” అనెను.

మిత్రుని ముఖము చిన్నబోయెను. “మా నాయన ఏటేట తెచ్చెడివాడే! ఇప్పుడేమాయెను?” అని యడిగెను.

“ఆ రోజుల్లో నేనూ పడవమీదే ఉండేవాణ్ణి బాబూ. గుడ్లున్న చేపకి ఎక్కువ ధర ఇచ్చేవారండి. మేమూ దానికోసమే వల కాసేవాళ్ళం. గుడ్డుతో సహా తినేశాక పిల్ల ఎక్కణ్ణించి వస్తుందండి?”

మేమెవ్వరమును మాటాడలేదు. ఆ గ్రుడ్లముక్క నాకే వేయుడని చిన్నతనమున నేనెన్నిమారులు పోరితినో జ్ఞప్తికి వచ్చెను.

నేరమంతయు తినువారిదే యనుట న్యాయము కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది. ఆ నీటితో పండిన యన్నమే మనము తినుచున్నాము. కాని సముద్రమునుండి వచ్చు చేపకు అది యడ్డుగోడ. గంగపై ఫరక్కా యానకట్ట 1975లో పనిచేయ నారంభించిన పిమ్మట ఎగువనదిలో నీ చేప మిక్కిలి తగ్గినది. ఆనకట్టలను తీసివేయలేము. దిగువ మిగిలిన నీటిలోనైనను దానిని గ్రుడ్లు పెట్టనిచ్చుట మన చేతిలోని పని. బంగ్లాదేశమున అక్టోబరు ప్రాంతమున 22 దినములు దీనిని పట్టుటయు, అమ్ముటయు నిషేధించి, జాలరి కుటుంబములకు బియ్యమిచ్చుచున్నారు. మన తూర్పుతీరమునను ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపుపడవలు సముద్రముమీద వేటకు పోరాదు. అయితే పులస నదిలోనికి వచ్చునది ఆ గడువు దాటిన పిమ్మటనే కదా!

ఆనాడు మేము చందువ వేపుడును, రొయ్యల యిగురును తింటిమి. మిత్రుడు తాను కూర్చుండక, దాకను చేతబట్టి, తండ్రివలెనే మా ముగ్గురికిని వడ్డించెను. ముసలివాని చేతిలో పైకము పెట్టునపుడు వాని కన్నులు చెమర్చియుండెను.

పెద్దలారా! జాలరి మనమడిగిన చేపకే వలవేయును. మీ యింటి విందులో గ్రుడ్లున్న పులస వలదని మీరొక్క మాట యన్నచో ఊరంతయు వినును. ఈమారు ఎర్రనీరు వచ్చినపుడు, బేరమాడుటకు ముందు, ఆ ముసలివాని ప్రశ్నను తలచుకొనుడు.

సెలవు.