నలుపు తెలుపుల గుమ్మం



మన ఇళ్ళల్లో ఫోటో ఆల్బములు తిరగేస్తే ఒక సంగతి కనిపిస్తుంది. మనం ఉన్న ఫోటోలు బోలెడు, మనం తీసినవి ఒక్కటీ ఉండవు. "నువ్వు నిలబడు, నేను తీస్తా" అనే మాటతోనే నాకు ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. మొట్టమొదట కెమెరా పట్టుకున్నది 2018లో, అమెరికాలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు.

న్యూయార్కులో బ్రాడ్‌వే మీద ఊల్‌వర్త్ భవనం ఉంది. 792 అడుగులు. 1913లో తెరిచారు. 1930 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం అదేనట. కట్టించిన ఊల్‌వర్త్ అయిదు సెంట్లకీ, పది సెంట్లకీ వస్తువులమ్మే కొట్లు పెట్టి గడించిన ఆసామి. కోటీ ముప్పై అయిదు లక్షల డాలర్లు సొంత డబ్బే పెట్టాడని చెప్పుకుంటారు. చిల్లర దాచడం మనకీ తెలుసు గానీ, మన పోపుల డబ్బా అంతదూరం పోలేదు!

అందరూ తలెత్తి శిఖరం చూస్తున్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కాస్ గిల్బర్ట్ అనే వాస్తుశిల్పి దాన్ని పాతకాలపు చర్చి ద్వారంలా, గోథిక్ పద్ధతిలో మలిచాడు. పెద్ద కమాను, దాని చుట్టూ రాతిలో నగిషీ. నరసాపురం లేసు గుర్తొచ్చింది నాకు.

పట్టుచీర సర్దుకుని నిలబడబోతుంటే మా మరిది కెమెరా నా చేతిలో పెట్టి, "మీరే తీయండి వదినగారూ, రంగుల్లేకుండా" అన్నాడు. మనసు కాస్త చివుక్కుమంది. రంగుల్లేకపోతే ఇంత చీర ఎందుకు కట్టుకొచ్చినట్టు?

తీసిన నాలుగూ పాడయ్యాయి. మధ్యాహ్నం కదా, వీధి తెల్లగా వెలిగిపోతోంది, గుమ్మం బొగ్గులా పడింది. కెమెరా పైకెత్తానేమో, గోడలు వెనక్కి వాలిపోయాయి. ఆ గుమ్మం తూర్పు ముఖం. పొద్దున రావాలన్నమాట.

మర్నాడు మరిది ఆఫీసుకి పోయాడు. చెల్లెలు "ఒక్కదానివే ఎలా వెళ్తావే అక్కా" అంటున్నా వినకుండా రైలెక్కాను. వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషనులో దిగి, దారి అడుగుతూ చేరాను. గుండె దడదడలాడుతూనే ఉంది. భవనానికి ఎదురుగా పార్కు, అంచేత ఎండకి పెద్ద మేడలేవీ అడ్డం రావు. ఏటవాలు వెలుగులో ప్రతి చెక్కడానికీ దాని నీడ దానికి వచ్చింది. పార్కు వైపు నిలబడి కెమెరా నిటారుగా పట్టాను. రంగుల్లో అయితే దారిన పోయే బస్సులూ, బోర్డులే ముందు కంటికి తగిలేవి. అవి పోయాక రాయే మిగిలింది. తడి వాకిట్లో తెల్ల ముగ్గు చూసిన కళ్ళకి ఇది కొత్తేం కాదు.

తర్వాత ఓ రోజు టిక్కెట్టు కొని లోపలా చూశాం. నాణేలు లెక్కపెట్టుకుంటున్న ఊల్‌వర్త్ బొమ్మ, భవనం నమూనా చేత పట్టుకున్న గిల్బర్ట్ బొమ్మ అక్కడున్నాయి. బంగారంలా మెరిసే ఆ మొజాయిక్ పైకప్పుని మాత్రం నలుపు తెలుపుల్లో తీయడం అన్యాయం.

పన్నెండు తీస్తే ఒకటి కుదిరింది. ఎవరో ఒకావిడ సంచీతో తలుపులోంచి వస్తోంది. ఆవిడ పక్కన చూస్తేగానీ కమాను ఎత్తు తెలీదు. దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టాను. మావారు చూసి, "ఇందులో నువ్వు లేవేం?" అన్నారు.

"తీసింది నేనండీ" అన్నాను.

ఆయన ఫ్రేము తిప్పి చూశారు. వెనక నా పేరు, తారీఖు, ఉదయం 9-45 అని ముందే రాసి పెట్టాను.