ప్రయాణమున కెమెరా: ఎంపిక, సంరక్షణ

దేశాటనము చేయువారిలో కెమెరా లేనివారు నేడు అరుదు. చేతిలోని ఫోనుతోనైనను కొండను, కోనను, ఏటి ఒడ్డును పట్టి ఇంటికి తెచ్చుకొనుచున్నాము. కొందరు మరియొక మెట్టు పైకి పోయి మంచి కెమెరా కొనదలంతురు. వారు మొదట అడుగు ప్రశ్న "ఏది కొనవలెను?" అనునది. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు: ఎంత బరువు మోయగలను? కొన్నదానిని తేమనుండి కాపాడగలనా?

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ కాలమున పెద్ద చెక్క కెమెరాయు, బరువైన గాజు పలకలును వెంట రావలసినదే. మనకు ఆ అవస్థ లేదు. అయినను సంచిని నింపుకొను ఆశ మాత్రము మనలను విడువలేదు. నన్నును విడువలేదు.

2019 జనవరిలో నేను దేవీపట్నము మీదుగా పాపికొండల వైపు ప్రయాణమైతిని. ఆ ఒడ్డున మా పెద్దమ్మగారి ఊరు. పోలవరము జలాశయమునకై ఖాళీ చేయవలసిన గ్రామములలో అదియు నొకటి. "ఇల్లు వదిలిపోకముందు, మన రేవు మెట్ల మీదనుంచి గోదారి కనబడేట్టు ఒక్క బొమ్మ తీసిపెట్టు నాయనా" అని ఆమె కబురంపినది. నేను రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు సంచిలో కుక్కితిని. బరువెక్కువైనదని స్టాండును రాజమహేంద్రవరములోనే విడిచితిని. అన్నిటికంటె అవసరమైన లెన్సు వానకాలమంతయు తోలు సంచిలో, చెక్క బీరువాలో పడియున్నది. బయలుదేరునపుడు దానిని వెలుతురుకెత్తి చూడనైతిని.

తెల్లవారుచుండగా, సూర్యునికి ఎదురుగా నిలిచి రేవును తీసితిని. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై బొమ్మ మసకగా తోచినది. ఏటిమీది మంచు కాబోలు ననుకొంటిని. ఇల్లు చేరి పెద్దదిగా చేసి చూచి, లెన్సును దీపమునకెదురుగా పట్టినపుడు తెలిసినది: అది మంచు కాదు. లెన్సు లోపల సాలెగూటివలె అల్లుకొన్న బూజు. మరల పోవుటకు వీలు చిక్కలేదు. 2021 వానకాలమున ఎగువ కాఫర్ డ్యామ్ వెనుక గోదావరి నీరు నిలిచి, దేవీపట్నము ప్రాంతమున ఊళ్ళు మునిగినవి. మా రేవు వానిలో నొకటి.

కావున ఎంపికను బరువుతోనే ప్రారంభింపుడు. కెమెరా ఒకటి, లెన్సులు రెండు చాలును. 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సారు గల కెమెరాకు 24నుండి 70 మిల్లీమీటర్ల వరకు మారు లెన్సొకటి, దూరపు కొండ వరుసలను దగ్గరకు తెచ్చు తేలికపాటిది మరియొకటి. ధనములో కొంత స్టాండుకు మిగుల్చుకొనుడు. వేకువ వెలుతురులో షట్టరు అరసెకను తెరచియుండవలసి వచ్చును. ఎంతటి నిలకడ గల చేయియైనను అంతసేపు కదలక నిలుచుట కష్టము. నడిమి కడ్డీని పైకెత్తకయే కంటి ఎత్తుకు దగ్గరగా వచ్చు స్టాండును కొనుడు. ఆ కడ్డీ లేచినకొలది కెమెరా ఊగును. నీటిమీది మెరుపును, తడి ఆకుల తళుకును తగ్గించు పోలరైజింగ్ ఫిల్టరు ఒకటి ఉండదగినది. అంతకు మించినది చాలవరకు మోత.

ఇక సంరక్షణ. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరాదని మన ఇండ్లలో పసివారికి కూడ తెలియును. లెన్సుకును అదే నీతి. గాలిలో తేమ 60 శాతము దాటి చాలకాలము నిలిచినచో గాజుపై బూజు మొలకెత్తవచ్చును. అది ముదిరి, గాజుమీది పూతను తినివేసినచో, తుడిచినను మచ్చ పోదు. మన కోస్తాలో వానకాలమున తేమ 80 శాతము ఉండుట సామాన్యము. తోలు సంచులు తేమను పట్టియుంచును గనుక ఇంట భద్రపరచుటకు అవి పనికిరావు. రబ్బరు అంచుతో మూత బిగియు పెట్టెలో, సిలికా జెల్ పొట్లములతో, తేమను కొలుచు చిన్న పరికరముతో ఉంచుడు. దాని ముల్లు 40, 50 అంకెల మధ్య నిలువవలెను. రంగు మారు జెల్ గుళికలు తాము తేమను పీల్చుకొన్నట్లు రంగుతోనే చెప్పును. వానిని వేడిచేసి మరల వాడవచ్చును. బియ్యపు డబ్బాలో దాచుట మంచిది కాదు. ఆ పొడి సందులలో చేరును.

చల్లని గదినుండి ఉక్కలోనికి వచ్చునపుడు సంచిని తెరువక అరగంట ఉంచుడు. లేనిచో చల్లని మజ్జిగ చెంబుకువలె కెమెరాకు చెమట పట్టును. సముద్రతీరమునుండి వచ్చిన పిదప ముందుగా రబ్బరు తిత్తితో ఇసుకను ఊదివేసి, మంచినీట తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా పైభాగమును తుడిచి, పొడి గుడ్డతో ఒత్తవలెను. ఊదక తుడిచినచో ఇసుక రేణువు గాజును గీయును. విమానప్రయాణమున విడి బ్యాటరీలను చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. తీసిన బొమ్మలకు ఆ రాత్రియే మరియొకచోట నకలు తీయుడు. అన్నిటికంటె ముఖ్యము, బయలుదేరుటకు వారము ముందు లెన్సు వెనుకనుండి టార్చి వెలుగు వేసి, ఏటవాలుగా చూడుడు. అప్పటికి బాగుచేయించుకొనుటకు వ్యవధి ఉండును.

పెద్దమ్మగారు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉన్నారు. ఆ బొమ్మ వారి గోడమీద ఉన్నది. మొన్న చూచి, "ఆ వేళ మంచు బాగా పట్టింది గదా నాయనా" అన్నారు. "పట్టింది పెద్దమ్మా" అంటిని. వారి ఇంట రేడియో కలదు. ఈ ప్రసంగము విన్నచో నిజము తెలిసికొందురు. నేను నేరుగా చెప్పలేకపోయిన మాట ఇదియే.