కంట్లో పడిన వడ్లపొట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నీ పని గురించి పది నిమిషాలు మాట్లాడాలె" అన్నారు. నా పనేమిటో చెబితే ముందు అందరూ నవ్వుతారు. నేను బూజు పెంచుతాను. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. రోగుల కంటి నుంచి, చర్మం నుంచి, ముక్కు నుంచి తీసిన నమూనాల్లో శిలీంధ్రాలు ఉన్నాయా, ఉంటే ఏ జాతివి, ఏ మందుకు లొంగుతాయి అని చూడడం ఇరవై అయిదేళ్లుగా చేస్తున్నాను. వానకాలం రొట్టె మీద లేచే బూజు, చెలక గట్టున మొలిచే పుట్టగొడుగు, కల్లును పులియబెట్టే ఈస్టు అన్నీ శిలీంధ్రాలే. వీటిలో మనిషికి జబ్బు చేసేవి చాలా కొద్ది. మన ఒంటి వేడికి ఎక్కువ జాతులు బతకలేవు. బతికినవాటిని మన రోగనిరోధక శక్తి ఆపుతుంది. ఆ కాపలా సడలినప్పుడే కథ మారుతుంది.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో ఈ బడిలో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు, వరికోతలప్పుడు, అమ్మ కల్లంలో వడ్లు తూర్పారబడుతుంటే పొట్టు ఎగిరి కంట్లో పడింది. "గరగర అయితుంది బిడ్డా, పొద్దటికి తగ్గుతది" అన్నది. పక్కింటి అవ్వ నందివర్ధనం పూల రసం పిండింది. తెల్లారేసరికి కన్ను ఎర్రగా వాచింది. బాపు సాంచాల మీద రాత్రి పాళీలో ఉన్నాడు. నేనే సైకిల్ తీసుకుని ఒక మందుల దుకాణానికి పోయి, కన్ను ఎర్రబడ్డదని చెప్పి, వాళ్లిచ్చిన చుక్కల మందు తెచ్చాను. రోజుకు నాలుగుసార్లు నా చేతులతోనే వేశాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. "నా కొడుకు డాక్టరయిండు" అని అమ్మ వాడకట్టంతా చెప్పుకున్నది.

పది రోజులకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురును కూడా ఓర్చుకోలేకపోయింది. బస్సులో సిద్దిపేట మీదుగా హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పుండు అంచును గీకి, ఆ కొంచెం పదార్థాన్ని గాజు పలక మీద పెట్టి, ల్యాబుకు పంపారు. ల్యాబులో ఒక పెద్దాయన నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. సన్నని దారాలు, కొమ్మలు కొమ్మలుగా, బాపు తెగిన పోగులు కలుపుతున్నప్పుడు వేళ్ల మధ్య కనిపించే చిక్కులాగా. "ఇది బూజు. మీరు వేసిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తర్వాత చదువులో తెలిసింది. స్టెరాయిడ్ వాపును, ఎరుపును తగ్గిస్తుంది. దాంతో నయమవుతున్నట్టు అనిపిస్తుంది. కానీ అదే మందు ఒంటి కాపలాను కూడా పడుకోబెడుతుంది. లోపల శిలీంధ్రం అడ్డులేకుండా పెరుగుతుంది. అమ్మకు ఆ కంటి చూపు మళ్లీ రాలేదు.

మా అమ్మ ఒక్కతి కథే అయితే ఇక్కడ చెప్పే పని లేదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1991 నుంచి 2000 వరకు తమ దగ్గర పరీక్షలో రుజువైన కంటి శిలీంధ్ర పుండ్లను లెక్కగట్టి ప్రచురించారు. పదేళ్లలో 1352 మంది. అందులో 962 మంది మగవాళ్లు. సగానికి పైగా, అంటే 736 కేసుల్లో, మొదట కంటికి దెబ్బ తగిలింది. ఎక్కువమంది పనిచేసే వయసువాళ్లే. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు జాతులే ఎక్కువ కనిపించాయి. రెండూ మట్టిలో, ఎండిన ఆకుల్లో, గడ్డిలో ఉండేవే. పొట్టు గీసిన సన్నని గీత చాలు, అవి లోపలికి పోవడానికి.

ఆ అధ్యయనంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పుండు గీకి తీసిన నమూనా మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నూటికి 91 కేసుల్లో శిలీంధ్రం కనిపించింది. ఖర్చు చాలా తక్కువ, కొద్ది నిమిషాల పని. జబ్బు తెలిస్తే మందు ఉంది. నాటామైసిన్ చుక్కలు. 1950లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవి ఇచ్చిన మందు అది. పేరూ అక్కడిదే. దానికంటే కొత్తదైన వొరికొనజోల్ మంచిదా అని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో పోల్చి చూశారు. 2013లో వచ్చిన ఫలితాల్లో పాత నాటామైసినే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుజేరియం మీద.

మందులు ఎందుకు తక్కువ అని విద్యార్థులు అడుగుతుంటారు. బాక్టీరియా కణం మన కణానికి చాలా భిన్నం. శిలీంధ్ర కణం మన కణానికి దగ్గరి చుట్టం. దాన్ని చంపే మందు మనల్నీ ఎంతో కొంత బాధపెడుతుంది. 2021లో మనందరం ఇది చూశాం. కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ అన్న మాట ఇంటింటా వినిపించింది. నిజానికి ఆ శిలీంధ్రం నల్లగా ఉండదు. అది రక్తనాళాలను మూసేస్తే, నెత్తురు అందని కండ చచ్చి నల్లబడుతుంది. అదుపులో లేని షుగరు, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు దానికి దారి వేశాయి. 2021 మే 20న మన రాష్ట్ర ప్రభుత్వం ప్రతి కేసునూ తెలియజేయాలని ఆదేశించింది. కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రం చేసింది. ఆ జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లు తిరిగారు. ఆ మందు మూత్రపిండాలకు భారం. రోజూ రక్తపరీక్ష చేస్తూ ఇవ్వాల్సిందే. ఆ నెలల్లో నేను ల్యాబులోనే పడుకున్న రాత్రులున్నాయి.

ఇక మన ఊరి సంగతి. సాంచాల షెడ్లలో పన్నెండు గంటలు నిలబడి, చెమటతో తడిసిన బట్టలతోనే ఉండేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. గజ్జల్లో, నడుము చుట్టూ తామర లేస్తుంది. సిగ్గుతో ఎవరికీ చూపరు. దుకాణంలో పూతమందు కొంటారు. మూడు నాలుగు మందులు కలిపిన ఆ ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజుల్లో పోతుంది, నెలలో రెట్టింపై వస్తుంది. మా అమ్మ కంటి కథే, చోటు మారింది. చీటీ లేకుండా ఇలాంటి స్టెరాయిడ్ పూతలు అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. మందులకు లొంగని కొత్త రకం తామర శిలీంధ్రానికి 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులో మన దేశం ఉంది. టెర్బినాఫిన్ గోలీలు కూడా దానిమీద చాలాసార్లు పనిచేయడం లేదు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో కనిపిస్తోంది.

శిలీంధ్రం పేరులో మనవాళ్లకు గౌరవం దక్కిన సందర్భమూ ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఎన్నో మందుల వెనక పనిచేసి 1948లో కన్నుమూశారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసెస్ అని పెట్టారు.

నేను మిమ్మల్ని కోరేవి మూడే. కంట్లో పొట్టు, ఆకు, పుల్ల ఏది గుచ్చుకున్నా మంచినీళ్లతో కడగండి, నలపకండి, పసర్లు పోయకండి, చీటీ లేని చుక్కలు వేయకండి, మర్నాటికి కంటి డాక్టరు దగ్గర ఉండండి. తామరకు మీరే ట్యూబు కొనుక్కోకండి. డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడండి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లనూ తీసుకుపోండి, బట్టలు, తువ్వాళ్లు విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో షుగరున్న వాళ్లకు ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కులో నల్లటి చెక్కు కనిపిస్తే ఆ రోజే దవాఖానకు పోండి. 2023 నుంచి మన సిరిసిల్లలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మా అమ్మ కాలంలో అది లేదు.

అమ్మ ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికింది. ఒక్క కన్నుతో బీడీలు చుట్టి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు, "అమ్మా, ఆ చుక్కలు తెచ్చింది నేను" అన్నాను. "తెచ్చినవు గదా, వేసినవు గదా. నాకు తెల్వది, నీకు తెల్వది" అన్నది, తునికాకు కత్తిరించుకుంటూ. అంతే. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆమె పేరు మీద మన బడి సైన్సు గదికి ఒక సూక్ష్మదర్శిని, గాజు పలకలు తెచ్చాను. హెడ్‌మాస్టరు గారికి అప్పగిస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు ముందు రొట్టె మీది బూజు చూపించండి సార్. వాళ్లింట్లో ఎవరికైనా కన్ను ఎర్రబడితే, ఆ దారాలు గుర్తొస్తాయి.