మూసా రాముని తోట



నేను హైదరాబాదు నగరమున అఫ్జల్‌గంజునందు కాపురమున్నవాడను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొంటిని. చిన్ననాట గురువుల కడ అమరమును, వ్యాకరణమును వల్లె వేసితిని. ఆ చదువు వలన నాకెంత మేలు కలిగెనో, అంత గర్వమును కలిగెను. ఆ గర్వము వలన జరిగిన యొక పొరపాటును మీ యెదుట చెప్పుకొనుటకే నేడు వచ్చితిని.

మూసీనది కావలి యొడ్డున, మలకుపేట ప్రక్కన, మూసారాంబాగను పేట గలదు. ఒకనాడు తరగతిలో ఊళ్ల పేర్లకు వ్యుత్పత్తి చెప్పుచు, "మూస యనగా లోహము కరగించి పోయు అచ్చు. పూర్వమిచ్చట మూసలు చేయు పనివారుండిరి. కావున నీ పేరు వచ్చినది" అని నిశ్చయముగా బోధించితిని. వెనుక బల్ల నుండి యొక పిల్లవాడు లేచి, "సార్, అది ఒక దొర పేరంట. మా తాత చెప్పిండు. ఆ దొర గోరీ కాడ మావోళ్లు దీపం పెట్టేటోళ్లంట" అనెను. "తాతల మాట చరిత్ర కాదు, కూర్చుండుము" అని గద్దించితిని. తరగతి యంతయు నవ్వెను. వాడు తల వంచుకొని కూర్చుండెను.

కొన్నాళ్లకు అఫ్జల్‌గంజు గ్రంథాలయమున నగర చరిత్ర చదువుచుండగా తెలిసినది. ఆ బాలుడు చెప్పినదే నిజము.

ఫ్రెంచి దేశమున 1755లో పుట్టిన రేమాండు అను నతడు 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చెను. పిమ్మట త్రాసు విడిచి కత్తి పట్టి, 1786లో నిజామలీఖాను కొలువున చేరెను. క్రమముగా 14,000 మంది సిపాయిల దండు ఆయన చేతి క్రింద తయారయ్యెను. ఆబిడ్సునకు దాపున గన్‌ఫౌండ్రీ యను పేట గలదు గదా, అది ఆయన ఫిరంగులు పోయించిన తావు. ఉర్దూ పలుకువారు దానిని తోప్ కా సాంచా, అనగా ఫిరంగి మూస, అందురు. నేను చెప్పిన మూస అచ్చట నున్నది గాని, మూసారాంబాగున లేదు!

ఫ్రెంచివారు గౌరవమునకు పేరు ముందర "ముస్యూ" అందురు. అది మనవారి నోట మూసా యయ్యెను. రేమాండు ముసల్మానులకు రహీము, హిందువులకు రాముడు అయ్యెను. 1798 మార్చి 25వ తేదీన ఆయన గతించెను. సెప్టెంబరున నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరున వారు ఆ దండును నిరాయుధము గావించిరి. ఆయన పోయిన యేడు నెలలలోపల, ఆయన కట్టిన సైన్యము నామరూపములు లేకపోయెను. కాని ఆస్మాన్‌గఢ్ గుట్టపై నల్లరాతి సమాధి నిలిచినది. వర్ధంతినాడు జనులు అచ్చట దీపములును అగరువత్తులును వెలిగించుట యేండ్ల తరబడి సాగినది. ఆయన జీతమునకు యుద్ధము చేసినవాడే, దేవుడు కాడు. అయినను జనులు ఆయనను తమవానిగా చేసికొనిరి.

ఇట్టిదే భూగోళమున నింకొక మూలను జరిగినది. ఉత్తరపు కొసన, మంచు విడువని అలాస్కా దేశమున, 1784లో షెలిఖోవు అను రుష్యా వర్తకుడు కొడియాకు దీవియందు స్థిరనివాస మేర్పరచెను. సముద్రపు నీటికుక్కల తోళ్ల కొరకు రుష్యనులు అచ్చటి ద్వీపవాసులచే బలవంతముగా వేట చేయించిరి, ఎదిరించినవారిని చంపిరి. రుష్యనుల సంఖ్య యెన్నడును వేయి దాటలేదు. 1867లో రుష్యా చక్రవర్తి ఆ దేశమును 72 లక్షల డాలర్లకు అమెరికావారికి అమ్మివేసెను. జెండా దిగెను, తోళ్ల వర్తకులు మరలిపోయిరి. అయినను అచ్చటి పల్లెలలో రుష్యనుల నాటి క్రైస్తవమతము నేటికిని నిలిచియున్నది. ఏలయన, వెనియామినోవు అను మతగురువు, పాన్కోవు అను అల్యూటు నాయకుని సాయముతో ఆ జాతివారి భాషకు లిపి కూర్చి, వారి మాటలలోనే మతబోధ వ్రాసెను. బలిమితో రుద్దినది పోయెను. తమ నోట తాము పలుకగలిగినది వారు విడువలేదు.

ఆబిడ్సు అను పేరును అట్టిదే. ఆరవ నిజాము మహబూబలీఖాను కడ కొలువున్న ఆల్బర్టు ఆబిదు అను అర్మీనియను దుకాణమును బట్టి యా పేరు వచ్చినది. దుకాణము లేదు, పేరున్నది. పరదేశి తెచ్చినదానిలో నేది నిలువవలయునో తేల్చునది అతని ఫిరంగి కాదు, ఆ నేలవారి నాలుక.

ఆ నాలుక మీది చరిత్రనే నేనానాడు గద్దించి కూర్చుండబెట్టితిని. నిజము తెలిసిన పిమ్మట ఆ పిల్లవాని తాతను చూచి, ఆ దీపముల సంగతి విని, వ్రాసికొనవలెనని వారి యింటికి పోయితిని. అప్పటికాయన కాలము చేసి మూడు నెలలైనది. గ్రంథమున దొరకినది నేను చదివితిని. ఆయన యెరిగినది ఆయనతోనే పోయినది.

పెద్దలారా, మీ యూర చెరువుగట్టునకో, దిబ్బకో, పాడుబడిన బావికో యొక పేరుండును. ఆ పేరెట్లు వచ్చెనో యెరిగినవారు మీరే. పంతులు నవ్వునని వెనుదీయకుడు. మనుమని పిలిచి చెప్పుడు, పలకమీదనైనను వ్రాయింపుడు. ఈ పని రేపటికి నిలుపదగినది కాదు.

ఆ బాలుడు నేడు నడివయస్సు వాడై యెచ్చటనో యుండును. ఈ మాట వానికి వినబడినచో, "నాయనా, నీ తాత చెప్పినదే చరిత్ర, తప్పు నాది" అని నేను విన్నవించుచున్నాను.