గుట్టదారికి గుఱ్ఱమును సిద్ధపఱచుట



బస్సులును మోటారుసైకిళ్ళును తిరుగుచున్న ఈ దినములలో గుఱ్ఱపు మాట యెందుకని మీరనవచ్చును. కారణము కలదు. పెండ్లి ఊరేగింపులకని కొన్న గుఱ్ఱములు మన నల్లగొండ, మహబూబునగరము సీమలలో అచ్చటచ్చట నున్నవి. మొన్న అట్టి గుఱ్ఱము గల యువకుడొకడు నా కడకు వచ్చి, "సార్, వచ్చే నెల రాచకొండ గుట్టల మీదికి స్వారి పోతా. దీనికి ఏమేం నేర్పాలె?" అని యడిగెను. "నెలలో కాదు బిడ్డా, యేడాది పట్టును" అంటిని. అతడు నవ్వి వెడలిపోయెను. ఆ యేడాది యెందులకో మీకు నివేదింతును.

మన సీమకు గుఱ్ఱము క్రొత్త గాదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దమున ఆఫ్రికా సంతతివారగు సిద్దీలతో ఆశ్వికదళమును పోషించెను. ఆ దళము పిమ్మట నిజాము కొలువున చేరెను. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అను పేట పేరు ఆ ఆఫ్రికా రౌతుల జ్ఞాపకమే. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుడు మూలపురుషుడని ప్రతీతి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. అమరకోశము అశ్వగతులను ఆస్కందితము మొదలు ప్లుతము వఱకు అయిదుగా విభజించి చెప్పినది.

అయినను గుఱ్ఱమును కొనుట వేఱు, నిలుపుకొనుట వేఱు. 13వ శతాబ్దపు చివర దక్షిణ తీరమును దర్శించిన మార్కోపోలో ఒక సంగతి వ్రాసెను. పాండ్య రాజ్యమున యేటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముమీద తెప్పించెడివారట. పోషణ తెలిసినవారు లేక, యేడాది తిరుగునప్పటికి వానిలో పెక్కు చచ్చెడివట. ధనము లోపింపలేదు, తెలివి లోపించినది.

అన్యుల తప్పు చెప్పి నా తప్పు దాచుట న్యాయము గాదు. మా తాతగారు పట్వారీ. గ్రామములు తిరుగుటకు ఒక తట్టువను ఉంచుకొనిరి. నాకు పదునైదేండ్లు వచ్చునప్పటికి వారు వృద్ధులై స్వారి మానిరి. తట్టువ వానకాలమంతయు కొట్టములో ఊరక నిలిచియుండెను. దసరా నాటినుండి నేను దానిని దినదినము గుట్టమీదికి తోలితిని. మొదట మిక్కిలి రొప్పెడిది. నెల తిరుగునప్పటికి రొప్పు తగ్గెను. ఇక దీనికి తిరుగులేదని మురిసి, ఒకనాడు పరపుబండ మీదుగా దిగునప్పుడు దౌడు తీయించితిని. మఱునాడుదయము ముందరికాలి వెనుకవైపు నరము ఉబ్బి, చేయి పెట్టిన వేడి తగిలెను. తాతగారు ఆ కాలిని తడవి చూచిరి. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "దానికి దమ్ము వచ్చింది బిడ్డా, నరం రాలే" అనిరి. ఆ తట్టువ మఱల మనిషిని మోయలేదు. తాతగారు దానిని అమ్మక, చచ్చువఱకు మేపిరి. ప్రతిదినము దానికి నీళ్ళు పెట్టు పని నాకప్పగించిరి.

ఆ యొక్క మాటలో శాస్త్రమంతయు నున్నది. గుఱ్ఱమునకు శ్రమ నేర్పునప్పుడు గుండెయు ఊపిరియు సుమారు రెండు నెలలలో బలపడును. కండరమునకు ఇంకను కొంత కాలము పట్టును. నరమని మనమనెడి స్నాయువులో రక్తప్రసారము స్వల్పము. అది గట్టిపడుటకు ఆఱు నెలలైనను కావలయును. ఎముకకు యేడాదియో, అంతకు మించియో పట్టును. కావున రొప్పు తగ్గిన గుఱ్ఱము సిద్ధమైనట్లు కనబడును గాని సిద్ధము కాలేదు. అపాయమంతయు ఈ నడుమ కాలముననే యున్నది.

ఇక క్రమము వినుడు. నాలుగేండ్లు నిండని గుఱ్ఱమును గుట్ట యెక్కింపరాదు. మనిషియు జీనును కలిసి గుఱ్ఱపు బరువులో అయిదవ వంతు మించరాదు. 250 కిలోల తట్టువ 50 కిలోలకు మించి మోయదగదు.

మొదటి రెండు నెలలు చెఱువు కట్టమీద, ఎఱ్ఱ చెలక బాటలో నడక మాత్రమే. దినమునకు గంటసేపు, వారమున అయిదు దినములు చాలును. మూడవ నెలలో తేలికపాటి పరుగును కొలది నిమిషములు చేర్చవలెను. ఆ పిమ్మట చిన్న మిట్టలు, తుదకు ఱాతిదారి. దూరము, వేగము, ఎత్తు అను మూటిలో ఒకసారి ఒక్కదానినే పెంచవలెను. దిగునప్పుడు ఎంత తొందరయున్నను నడకయే.

శరీరముతో పాటు మనస్సును సిద్ధపఱచవలెను. వాగు నీరు, బస్సు హారను, విప్పిన గొడుగు, మొఱుగు కుక్క, వీనిని ముందు పగ్గము పట్టి నడిపించుచు చూపవలెను. చెప్పినట్లు వినిన క్షణముననే పగ్గము వదులు చేయవలెను. ఆ వదులే దానికి బహుమానము. బెదరిన గుఱ్ఱమును కొట్టినచో, బెదరుటకు ఇంకొక కారణము నేర్పిన వారమగుదుము. ముప్పదియేండ్లు బడిలో పాఠము చెప్పిన నాకు ఇది పిల్లల విషయమునను నిజమని తోచినది.

పరీక్ష సులభము. దవడ యెముక క్రింద వ్రేళ్ళుంచి నాడి చూడవలెను. విశ్రాంతిలో నిమిషమునకు 28 మొదలు 44 వఱకు కొట్టుకొనును. స్వారి యైన పిమ్మట కాల్గంటలో అది 60 ప్రాంతమునకు దిగనియెడల ఆనాటి పని మితిమీరినదని యర్థము. ప్రతి యుదయము నాలుగు కాళ్ళను చేతితో తడవవలెను. ఒక కాలు తక్కిన వానికంటె వేడిగా నున్నచో ఆనాడు జీను దించనే వలదు. ఈ యొక్క యలవాటు నాకుండినచో తాతగారి తట్టువ బాగుండెడిది.

మేతలో గడ్డియే ప్రధానము. ఉలవగుగ్గిళ్ళు కొలదికొలదిగా పెట్టవలెను. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. కడుపుబ్బి పొరలినచో ప్రాణాపాయము. చెమటతో ఉప్పు పోవును గనుక ఉప్పు నందీయవలెను. ఎండలు ముదరకముందే స్వారి ముగింపవలెను. వేడిమీదనున్న గుఱ్ఱమునకు నీళ్ళీయరాదని పాతకాలపు నమ్మకము. అది సరికాదని నేటి పశువైద్యుల మాట, త్రాగనిచ్చుటయే మేలు. ఆఱు వారముల కొకసారి గిట్టలు చెక్కించి లాడము సరిచూపింపవలెను.

పెద్దలారా, ఈ మాటలు మీకు చెప్పుటకు కారణ మొకటి. నోరులేని జంతువు తన నొప్పిని చెప్పుకొనలేదు. పడుచువానికి ఓపిక యుండదు. ఈ యిరువురి నడుమ నిలువదగినవారు మీరే. మీ యూర ఎవడైన గుఱ్ఱమును కొని గుట్టవైపు తోలుచుండగా చూచితిరేని, దారిలో ఆపి, ఆ గుఱ్ఱపు కాలిమీద వాని చేయి పెట్టించుడు. నా కడకు వచ్చిన యువకుడు నిన్న మఱల వచ్చెను. గుఱ్ఱమును చెఱువు కట్టమీద నడిపించుచున్నాడట. కాలు తడవి చూచుట యెట్లో నేర్పుమని యడిగెను.

సెలవు.